48 వోల్టుల ఫాంటమ్ ఉన్న చానెల్లో మైక్ ప్రీఆంప్ ఐసీ పోకుండా ఎలా కట్టాలి?

#1 · పందిరిసౌండ్

ఎనిమిది చానెళ్ళ మిక్సర్ బోర్డు. చానెల్‌కి ఒక ఐఎన్‌ఏ217, సప్లై రెయిల్స్ ±15 వోల్టులు. ఫాంటమ్ (కండెన్సర్ మైకులకు కేబుల్ మీదే పంపే డీసీ సప్లై) 48 వోల్టులు రెండు 6.8కే (6.8 కిలోఓమ్స్) రెసిస్టర్ల మీదుగా ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ సాకెట్) 2, 3 పిన్నులకు వెళ్తుంది. అక్కడి నుంచి ఐసీ ఇన్‌పుట్‌లకు 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు. ఐసీ వైపు ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 10కే. ఇంతే, డయోడ్లు ఏవీ లేవు.

రెండు చానెళ్ళలో ఐసీ పూర్తిగా పోయింది. ఇంకొకదాంట్లో మాట వస్తోంది గానీ గేన్ పెంచితే పక్క చానెళ్ళకంటే బుస ఎక్కువ. ఫాంటమ్ వేసి ఉండగానే మైకులు పీకడం, పెట్టడం జరుగుతూ ఉంటుంది. ఒక్కో ఇన్‌పుట్ నుంచి ప్లస్ రెయిల్‌కి ఒకటి, మైనస్ రెయిల్‌కి ఒకటి చొప్పున 1ఎన్4148 (చిన్న సిగ్నల్ డయోడ్) పెడితే సరిపోతుందా? అసలు కారణం స్టాటికా, ఫాంటమా?

#2 · స్టార్‌గ్రౌండ్

ఫాంటమే. ఆ 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ వైపు చూడండి. ఫాంటమ్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని ప్లస్ కాలు 48 వోల్టుల దగ్గర, మైనస్ కాలు సున్నా దగ్గర ఉంటాయి. ఇప్పుడు 2వ పిన్ను గ్రౌండ్ అయిన 1వ పిన్నుకి షార్ట్ అయిందనుకోండి. కేబుల్ లోపల తెగిన షీల్డ్ తగలొచ్చు, అన్‌బ్యాలెన్స్‌డ్ అడాప్టర్ పెట్టి ఉండొచ్చు, ప్లగ్గు వంకరగా దూరి ఉండొచ్చు. ప్లస్ కాలు ఒక్కసారిగా సున్నాకి దిగుతుంది. కెపాసిటర్ మీది వోల్టేజి క్షణంలో మారదు కాబట్టి మైనస్ కాలు, అంటే మీ ఐసీ ఇన్‌పుట్, మైనస్ 48కి దిగుతుంది. మైనస్ 15 రెయిల్ కంటే 33 వోల్టులు కిందికి.

అడ్డుగా 6.8కే ఉంది కదా అనుకోవద్దు. ఈ కరెంటు 6.8కే గుండా రాదు, కెపాసిటర్‌లో దాచుకున్న చార్జి నేరుగా వస్తుంది. మీ బోర్డులో దారిలో ట్రాక్ రెసిస్టెన్సు, కెపాసిటర్ సొంత ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్సు) తప్ప ఇంకేమీ లేవు.

స్టాటిక్‌తో పోల్చి చూడండి. మనిషి వేలి నుంచి వచ్చే దెబ్బకి పరీక్షల్లో వాడే నమూనా 100 పికోఫారడ్, 1.5కే. 2000 వోల్టులకి అందులో ఉన్న శక్తి 0.2 మిల్లీజౌల్, అదీ వందల నానోసెకన్లలో అయిపోతుంది. 48 వోల్టులకు చార్జయిన 47 మైక్రోఫారడ్‌లో 54 మిల్లీజౌల్ ఉంటుంది, దాదాపు 270 రెట్లు. ఖాళీ కావడానికి పట్టేది వందల మైక్రోసెకన్లు. ఐసీ లోపలి డయోడ్లను మొదటి రకం దెబ్బకి తయారుచేశారు. నిలకడగా వచ్చే కరెంటుకి చాలా ఐసీల డేటాషీట్లలో ఇన్‌పుట్ పరిమితి 10 మిల్లీఆంపుల దగ్గరే ఉంటుంది.

#3 · లోడ్‌లైన్

బుస సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని ఐసీ నాణ్యత మీదికి నెట్టేస్తారు. ప్రీఆంప్ లోపలి ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్‌లో ఎమిటర్‌–బేస్ జంక్షన్ రివర్స్‌లో సుమారు 6, 7 వోల్టులకే బ్రేక్‌డౌన్ అవుతుంది. అలా అయినప్పుడు కరెంటు మరీ ఎక్కువ కాకపోతే ట్రాన్సిస్టర్ చావదు. కానీ దాని బీటా (కరెంటు గేన్) పడిపోతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో నాయిస్ పెరుగుతుంది, తిరిగి బాగుపడదు. మీటర్ పెట్టి డీసీ వోల్టేజీలు కొలిస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఆ మూడో చానెల్ ఐసీని కూడా మార్చాల్సిందే.

50 వోల్టుల కెపాసిటర్లను ముందు పీకేయండి. ఫాంటమ్ ప్రమాణం 48కి అటూ ఇటూ 4 వోల్టులు. అంటే 52 రావొచ్చు. 63 వోల్టులవి వేయండి.

#4 · తక్కువహమ్

ఇంత లెక్క దేనికండీ? ఒక్కో ఇన్‌పుట్‌కీ సిరీస్‌లో 1కే పెట్టి, వెనక 1ఎన్4148లు పెడితే కరెంటు 32 మిల్లీఆంపులకు మించదు. డయోడ్ హాయిగా మోస్తుంది.

#5 · స్టార్‌గ్రౌండ్

లైన్ ఇన్‌పుట్‌కి అయితే మీరు చెప్పిందే సరైన దారి. మైక్ ఇన్‌పుట్‌కి కుదరదు, ఆ రెసిస్టర్ తెచ్చే నాయిస్ మైకు సొంత నాయిస్‌ని మింగేస్తుంది. 150 ఓమ్స్ మైకు హెర్ట్జ్ వర్గమూలానికి 1.6 నానోవోల్టుల నాయిస్ ఇస్తుంది, 1కే ఒక్కటే 4 నానోవోల్టులు ఇస్తుంది, పైగా అవి రెండు.

రెసిస్టర్ల వల్ల మాత్రమే పెరిగే నాయిస్ చూడండి: రెండు 10 ఓమ్స్ వేస్తే 150 కాస్తా 170 అవుతుంది, పెరుగుదల 0.5 డీబీ. రెండు 22 అయితే 1.1 డీబీ. రెండు 100 అయితే 3.7 డీబీ. చెక్క భజనకి అక్కర్లేదేమో గానీ, దూరంగా పెట్టిన కండెన్సర్ మైకుతో వీణ వినిపించాలంటే ఆ 3.7 డీబీ చెవికి తెలుస్తుంది. అందుకే మైక్ ప్రీఆంప్‌లలో 10 ఓమ్స్ దగ్గర ఆగుతారు.

10 ఓమ్స్‌తో లెక్క: 48లోంచి 15 రెయిల్, ఒక వోల్టు డయోడ్ డ్రాప్ తీసేస్తే 32. పదితో భాగిస్తే 3.2 ఆంపులు. టైమ్ కాన్‌స్టంట్ 470 మైక్రోసెకన్లు. ఇప్పుడు 1ఎన్4148 డేటాషీట్ తెరవండి. ఒక మిల్లీసెకను పల్సుకి అది మోయగలిగేది ఒక ఆంపు ప్రాంతం. మూడు ఆంపులు దాని పని కాదు. అది షార్ట్ అయితే చానెల్ ఆగి తెలిసిపోతుంది, ఓపెన్ అయితే ఏమీ తెలియదు. బోర్డు మామూలుగానే పనిచేస్తుంది, మళ్ళీ షార్ట్ తగిలినప్పుడు దెబ్బ నేరుగా ఐసీకే.

1ఎన్4004 వేయండి. ఒక అర్ధచక్రానికి, అంటే 8.3 మిల్లీసెకన్లకి, 30 ఆంపులు మోస్తుంది. దాని కెపాసిటెన్సు 15 పికోఫారడ్ ప్రాంతం, మైక్ ఇంపీడెన్సుకి అదొక లెక్క కాదు. డయోడ్ దిక్కు: మైనస్ రెయిల్ డయోడ్‌కి ఆనోడ్ రెయిల్ వైపు, క్యాథోడ్ ఇన్‌పుట్ వైపు. ప్లస్ రెయిల్ దానికి ఆనోడ్ ఇన్‌పుట్ వైపు, క్యాథోడ్ రెయిల్ వైపు. చానెల్‌కి నాలుగు డయోడ్లు.

#6 · లోడ్‌లైన్

10 ఓమ్స్ రెసిస్టర్ ఎంపికలో కూడా పొరపాటు జరుగుతుంది. మొదటి క్షణంలో దాని మీద 100 వాట్లు పడతాయి. ఒక్కో షార్ట్‌కి అది మింగే శక్తి 24 మిల్లీజౌల్. 0603 సైజు థిక్ ఫిల్మ్ చిప్ కొన్ని దెబ్బలకే విలువ మారిపోతుంది, లేదా పగులుతుంది. కాళ్ళున్న అర వాట్ రెసిస్టర్ గానీ మెల్ఫ్ (గొట్టం ఆకారపు చిప్ రకం) గానీ వాడండి.

#7 · పందిరిసౌండ్

అర్థమైంది అండీ. డయోడ్లు రెయిల్స్‌కి కడితే ఐసీ ఇన్‌పుట్ 16 వోల్టులకి మించి దిగదు, ఇక భయం లేనట్టేనా? బోర్డులో చానెల్ దగ్గర రెయిల్ మీద 100 మైక్రోఫారడ్ ఉంది, సప్లై 7815, 7915 (ప్లస్ 15, మైనస్ 15 రెగ్యులేటర్లు).

#8 · స్టార్‌గ్రౌండ్

ఎక్కువ బోర్డులు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాయి. డయోడ్ కరెంటుని మాయం చేయదు, రెయిల్ మీదికి తోస్తుందంతే. ఆ తర్వాత అది ఎటు పోతుందో చూడాలి.

7915 లోడ్‌కి కరెంటు ఇవ్వగలదు గానీ వెనక్కి వచ్చేదాన్ని తీసుకోలేదు. రెయిల్ మైనస్ 15 కంటే కిందికి లాగబడితే అది ఊరుకుంటుంది. కాబట్టి ఆ చార్జిని మోయాల్సింది రెయిల్ కెపాసిటరే. 47 మైక్రోఫారడ్ మీద 48, 100 మైక్రోఫారడ్ మీద 15, రెండూ కలిస్తే ఎక్కడ స్థిరపడతాయి?

(47 × 48 + 100 × 15) ÷ 147 = 25.5 వోల్టులు.

2, 3 పిన్నులు రెండూ ఒకేసారి షార్ట్ అయితే 31 వోల్టులు. డయోడ్ డ్రాప్‌కి ఒక వోల్టు తీసేసినా ఇది ఐఎన్‌ఏ217కి చాలా ఎక్కువ. దానికి ±18 పరిమితి, రెండు రెయిల్స్ మధ్య 36. మీ ప్లస్ 15, ఈ మైనస్ 25 కలిపితే 40 అవుతుంది. ఆ రెయిల్ మీదున్న మిగతా ఐసీలన్నీ కూడా అదే దెబ్బ తింటాయి. ఒక చానెల్లో షార్ట్ అయితే పక్క చానెల్ ఐసీ పోవడానికి కారణం ఇదే.

మామూలు లోడ్ ఆ చార్జిని లాగేస్తుందిలే అనుకోవడానికి కూడా లేదు. వచ్చే చార్జి 1.5 మిల్లీకూలంబ్, 100 మిల్లీఆంపుల లోడ్ దాన్ని తినడానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది. దెబ్బ వచ్చేది ఒక మిల్లీసెకనులో.

రెయిల్ మీద 1000 మైక్రోఫారడ్ ఉంటే ఒక పిన్నుకి 16.5, రెండు పిన్నులకి 17.8 దగ్గర ఆగుతుంది. కాబట్టి ప్రతి రెయిల్‌కీ 1000 మైక్రోఫారడ్, 35 వోల్టులది వేయండి, మధ్యలో సన్నటి ట్రాకులు లేకుండా. దానికి సమాంతరంగా ఒక టీవీఎస్ (వోల్టేజి హద్దు దాటితే కరెంటు లాగి ఆపే డయోడ్), ఎస్‌ఎంబీజే15ఏ.

#9 · గేన్‌నాబ్

రెయిల్ మీద టీవీఎస్ బదులు 1ఎన్4745ఏ, 16 వోల్టుల జీనర్ చవగ్గా దొరుకుతుంది కదా?

#10 · లోడ్‌లైన్

దాని టాలరెన్సు 5 శాతం, అంటే 15.2 వోల్టులకే మొదలుకావొచ్చు. 7815 అవుట్‌పుట్ 15.6 దాకా ఉండొచ్చు. ఆ రెండూ కలిసిన బోర్డులో జీనర్ ఎప్పుడూ వేడెక్కుతూనే ఉంటుంది. జీనరే కావాలంటే 18 వోల్టుల 1ఎన్4746ఏ. కానీ ఒక వాట్ జీనర్ రెండు మూడు ఆంపుల పల్సుకి పుట్టలేదు.

ఎస్‌ఎంబీజే15ఏ విషయంలో ఒక అపోహ: పేరులోని 15 అది ఆపే వోల్టేజి కాదు, అది కదలకుండా ఊరుకునే వోల్టేజి. 16.7 దగ్గర నుంచి బ్రేక్‌డౌన్ మొదలవుతుంది, 24.6 ఆంపుల దగ్గర 24.4 వోల్టులు నిలుపుతుంది. మనకొచ్చే కొద్ది ఆంపులకు అంతకంటే చాలా కిందే ఉంటుంది. 18 వోల్టుల టీవీఎస్ తీసుకుంటే బ్రేక్‌డౌనే 20 దగ్గర, అప్పటికే ఐసీ పరిమితి దాటిపోయింది.

రెయిల్ మీద పెద్ద కెపాసిటర్ వేసినప్పుడు రెగ్యులేటర్లకీ రెండు డయోడ్లు కావాలి. 7815కి అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక 1ఎన్4002, ఆనోడ్ అవుట్‌పుట్ వైపు. 7915కి దిక్కు తిరగేసి. స్విచ్ తీసినప్పుడు ఇన్‌పుట్ ముందు పడిపోతే చార్జి రెగ్యులేటర్ లోపలి నుంచి కాక డయోడ్ గుండా పోవాలి. ఇంకా ప్రతి అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి రివర్స్‌లో ఒక డయోడ్, ఒక రెయిల్ ముందు లేచి రెండోదాన్ని తప్పు దిక్కుకి లాగకుండా.

#11 · సోల్డర్‌పొగ

కరెంటు తిరిగొచ్చే దారిని ఎవరూ చెప్పలేదు, ట్రాకులు గీసేటప్పుడు అదే ముఖ్యం. షార్ట్ అయినప్పుడు చుట్టు ఇది: కెపాసిటర్ ప్లస్ కాలు, ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను, 1వ పిన్ను, చాసిస్, గ్రౌండ్, రెయిల్ కెపాసిటర్, డయోడ్, 10 ఓమ్స్, కెపాసిటర్ మైనస్ కాలు. ఈ మూడు ఆంపులు సన్నటి సిగ్నల్ గ్రౌండ్ ట్రాకు గుండా పోతే అక్కడ వోల్టులకొద్దీ ఎగుడుదిగుడు వస్తుంది, స్పీకర్‌లో ‘ఢబ్’మని కొడుతుంది.

1వ పిన్నుని సాకెట్ దగ్గరే చాసిస్‌కి పొట్టిగా, మందంగా కట్టండి. ఏఈఎస్48 గ్రౌండింగ్ ప్రమాణం చెప్పేదీ అదే. రెయిల్ 1000 మైక్రోఫారడ్‌ల గ్రౌండ్ కాలు చాసిస్ కలిసే చోటికి దగ్గరగా రావాలి.

అలాగే ఐసీ లోపలి డయోడ్‌కి, బయటి 1ఎన్4004కి మధ్య పోటీ ఉంటుంది. బయటిదాని డ్రాప్ మూడు ఆంపుల దగ్గర ఒక వోల్టు దాటితే, లోపలిది 0.7కే తెరుచుకుని కొంత కరెంటు తాగుతుంది. అందుకని డయోడ్లు కలిసే చోటు నుంచి ఐసీకి ఇంకో 4.7 ఓమ్స్ చొప్పున పెట్టండి. నాయిస్‌కి పెద్ద నష్టం లేదు, లోపలి డయోడ్‌కి పోయే వాటా బాగా తగ్గుతుంది.

#12 · తక్కువహమ్

కెపాసిటర్‌నే 22 మైక్రోఫారడ్‌కి దించితే దెబ్బ సగం అవుతుంది కదా? 10కే తో చూస్తే కటాఫ్ ఎలాగూ ఒక హెర్ట్జ్ లోపే.

#13 · స్టార్‌గ్రౌండ్

అవుతుంది, 10కే ఉంచితే అది మంచి ఆలోచనే. ఎలక్ట్రోలిటిక్‌లు 20 శాతం అటూ ఇటూ ఉంటాయి గనక మీటర్‌తో జత చూసి వేయాలి. 22 మైక్రోఫారడ్ 50 హెర్ట్జ్ దగ్గర 145 ఓమ్స్. రెండింటి మధ్య 20 శాతం తేడా ఉంటే 29 ఓమ్స్ అసమతుల్యత, అది కేబుల్ మీద ఎక్కిన హమ్‌ని సిగ్నల్‌గా మారుస్తుంది. 10కే కి అది 0.3 శాతం. 2.2కే అయితే 1.3 శాతం.

అయితే 2.2కే కి ఒక లాభం ఉంది. ఫాంటమ్ ఆన్ చేసినప్పుడు కెపాసిటర్ చార్జయ్యే కరెంటు ఇన్‌పుట్‌ని పైకి తోస్తుంది. 10కే ఉంటే విభజన ప్రకారం 28.6 వోల్టులు రావాలి, కాబట్టి ప్లస్ డయోడ్ తెరుచుకుని 15 రెయిల్‌లోకి కరెంటు పంపుతుంది. ఇది 6.8కే గుండా వస్తుంది గనక పిన్నుకి 5 మిల్లీఆంపుల లోపే, ప్రమాదం లేదు. 2.2కే అయితే 11.7 వోల్టుల దగ్గరే ఆగుతుంది, డయోడ్ తెరుచుకోదు. పందిరిసౌండ్ గారి బోర్డుకి 47 మైక్రోఫారడ్, 10కే అలాగే ఉంచడమే నా సలహా.

6.8కే జతలో మాత్రం రాజీ వద్దు, రెండింటి మధ్య తేడా 0.4 శాతం లోపు ఉండాలి.

#14 · గేన్‌నాబ్

లైన్ అవుట్ ఉన్న పరికరాన్ని, అంటే కీబోర్డో ఇంకో మిక్సరో, ఫాంటమ్ ఉన్న చానెల్‌కి పెడితే?

#15 · లోడ్‌లైన్

అవతలి అవుట్‌పుట్ డీసీ కపుల్‌డ్ అయితే కెపాసిటర్‌కి అది షార్ట్‌తో సమానం. కాకపోతే అవుట్‌పుట్‌లో సాధారణంగా ఉండే 50, 100 ఓమ్స్ దెబ్బని తగ్గిస్తాయి. 100 ఉంటే 0.3 ఆంపులే. మీరు అవుట్‌పుట్ స్టేజి కడుతున్నా ఇదే గుర్తుంచుకోండి: పిన్నుకి 47 నుంచి 100 ఓమ్స్ సిరీస్‌లో, ఆప్‌ఆంప్ కాలి నుంచి రెయిల్స్‌కి రెండు డయోడ్లు.

6.35 మిల్లీమీటర్ల స్టీరియో జాక్ మీదికి ఫాంటమ్ ఎప్పుడూ రానివ్వకండి. దూర్చేటప్పుడు టిప్పు, రింగు గ్రౌండ్‌కి రాసుకుంటూ పోతాయి, ప్రతిసారీ షార్టే. కాంబో సాకెట్ ఉంటే ఫాంటమ్ తీగలు ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులకే వెళ్ళాలి.

#16 · పందిరిసౌండ్

ఎవరైనా పొరపాటున 100 వోల్టుల స్పీకర్ లైన్ మైక్ సాకెట్‌కి కలిపితే ఈ రక్షణ ఆపుతుందా? ఇంకొకటి, ఊళ్ళల్లో న్యూట్రల్ పోయి 300, 400 వోల్టులు వచ్చేస్తే?

#17 · సోల్డర్‌పొగ

100 వోల్టుల లైన్‌ని ఆపలేదు. శిఖరం 141 వోల్టులు, 10 ఓమ్స్ గుండా 12 ఆంపులు, అదీ ఆగకుండా. 10 ఓమ్స్‌ని ఫ్యూజిబుల్ రకం వేస్తే, మంట రాకుండా ముందు అది తెగి ఐసీ బతికే అవకాశం ఉంటుంది. స్టాటిక్ కోసం సాకెట్ దగ్గర టీవీఎస్ పెడితే 58 వోల్టుల ఎస్‌ఎంఏజే58సీఏ తీసుకోండి, చివర ‘సీఏ’ తప్పనిసరి. ‘ఏ’ రకం ఒకవైపే ఆపుతుంది, ఫాంటమ్ ఆఫ్‌లో ఉండగా బలమైన సిగ్నల్ కింది సగాన్ని 0.7 వోల్టుల దగ్గర కత్తిరించేస్తుంది.

న్యూట్రల్ సంగతి: 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ 230 దగ్గర రెగ్యులేటర్‌కి సుమారు 24 వోల్టులు ఇస్తుంది. 7815 ఇన్‌పుట్ పరిమితి 35. లైన్ 330 దాటగానే ఆ గీత దాటుతుంది. 15-0-15 అయితే 395 దాకా తట్టుకుంటుంది గానీ, లైన్ 180కి పడితే 15 వోల్టులే మిగిలి హమ్ వచ్చేస్తుంది. లో వోల్టేజి ఉండే ఊళ్ళకి 18-0-18 వేసి, ఫ్యూజ్ తర్వాత 275 వోల్టుల ఎంఓవీ (వోల్టేజి హద్దు దాటితే కరెంటు లాగే భాగం), థర్మల్ ఫ్యూజ్ లోపలే ఉన్న రకం, పెట్టండి. 400 వోల్టుల శిఖరం 565. ఎంఓవీ అప్పుడు గట్టిగా కరెంటు లాగి ఫ్యూజ్‌ని కొట్టేస్తుంది. ఎంఓవీని ఫ్యూజ్‌కి ముందు పెడితే అదే అంటుకుంటుంది. పదేపదే న్యూట్రల్ పోయే చోట బయట ఓవర్‌వోల్టేజి కట్‌ఆఫ్ రిలే ఉండాలి.

#18 · స్టార్‌గ్రౌండ్

పాత బోర్డు మార్చే వరుస చెప్తాను. ఫాంటమ్, సప్లై తీసి పది సెకన్లు ఆగండి. 47 మైక్రోఫారడ్ మీద వోల్టేజి మీటర్‌తో చూశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టండి. కెపాసిటర్లు 63 వోల్టులవి వేయండి, ప్లస్ సాకెట్ వైపు. మైనస్ కాలికి, ఐసీకి మధ్య ట్రాకు కోసి 10, దాని వెనక 4.7 ఓమ్స్ వరసగా పెట్టండి. ఆ రెండూ కలిసే చోట 1ఎన్4004లు. 10కే ఐసీ వైపే ఉండనివ్వండి.

పరీక్ష ఇలా: ఇన్‌పుట్‌కి 150 ఓమ్స్ కట్టి, గేన్ 60 డీబీలో అవుట్‌పుట్ నాయిస్ కొలిచి రాసుకోండి. 150 ఓమ్స్‌కి 20 కిలోహెర్ట్జ్ వరకు సిద్ధాంతపరంగా ఇన్‌పుట్ వైపు మైనస్ 131 డీబీయూ, అంటే అవుట్‌పుట్‌లో మైనస్ 71. మీది దానికంటే రెండు మూడు డీబీ పైన ఉండొచ్చు. ఆ తర్వాత ఫాంటమ్ వేసి, స్పీకర్లు తీసేసి, 2వ పిన్నుని మందపాటి తీగతో 1వ పిన్నుకి యాభైసార్లు షార్ట్ చేయండి. ప్రతిసారికీ మధ్య మూడు సెకన్లు, కెపాసిటర్ మళ్ళీ నిండాలి. 3వ పిన్నుకీ అంతే, చివర రెండూ కలిపి. స్కోప్ 10 రెట్ల ప్రోబ్‌తో ఐసీ ఇన్‌పుట్ కాలి దగ్గర, మైనస్ రెయిల్ దగ్గర చూస్తూ ఉండండి. రెయిల్ 18 దాటితే కెపాసిటర్ దూరంగా ఉన్నట్టు. ఐసీ కాలు రెయిల్ కంటే ఒక వోల్టు మించి కిందికి దిగితే డయోడ్ దారి పొడుగైనట్టు. అయ్యాక నాయిస్ మళ్ళీ కొలవండి.

#19 · పందిరిసౌండ్

ఒక చానెల్ మీద చేసి చూశాను. 1000 మైక్రోఫారడ్ రెయిల్ రెగ్యులేటర్ దగ్గర పెడితే, రెండు పిన్నుల షార్ట్‌కి చానెల్ దగ్గర రెయిల్ 21 దాకా దిగింది. దాన్నే చానెళ్ళ మధ్యకి తెచ్చి ఎస్‌ఎంబీజే15ఏ పక్కనే పెడితే 17.6 దగ్గర ఆగింది. 150 షార్టుల తర్వాత నాయిస్‌లో తేడా 0.1 డీబీ లోపే. మిగతా ఏడు చానెళ్ళకీ ఇదే కడుతున్నాను, బుస చానెల్ ఐసీ కూడా మార్చేశాను.

#20 · సోల్డర్‌పొగ

21 వచ్చిందంటే సప్లై ట్రాకు సన్నగా ఉంది. డయోడ్ల నుంచి కెపాసిటర్ దాకా ట్రాకు మీద 1.5 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ పరిచి సోల్డర్ చేయండి, గ్రౌండ్ వైపు కూడా. చివరి చానెల్ కెపాసిటర్‌కి దూరం కాబట్టి పరీక్ష దానిమీద కూడా ఒకసారి చేయండి.